సంత చూపు, షోరూమ్ చూపు

నాలుగు తలుపులు, ఐదుగురు కూర్చునే చోటు, సామానుకు వెనుక విడిగా డిక్కీ ఉన్న కారును సెడాన్ అంటారు. అదే ఆకారంలో ఉంటూ, సాధారణ కుటుంబ కారుకన్నా బలమైన ఇంజిన్, రోడ్డును గట్టిగా పట్టే చట్రం, మలుపులో తూలని నిలకడ ఉన్నదానిని స్పోర్ట్స్ సెడాన్‌గా వ్యవహరిస్తారు. ఒకే పేరుతో అమ్మే కారును కంపెనీలు ధరను బట్టి, అమరికలను బట్టి అనేక మెట్లుగా విడదీసి ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పేరు పెడతాయి. ఆ మెట్టునే వాడుకలో వేరియంట్ అని, అట్టడుగుదానిని బేస్ అని, అన్నిటికన్నా పైదానిని టాప్ ఎండ్ అని అంటున్నారు. ఈ రెండింటి నడుమ దూరం నేడు లక్షల్లోకి చేరింది గనుక, ఏ కారు కొనాలన్నది తేలిన తరువాత కూడా ఏ వేరియంట్ కొనాలన్న ప్రశ్న అంతే బరువుతో మిగిలిపోతోంది. మనిషి అవసరం, అతని ముచ్చట, చుట్టుపక్కల నలుగురి చూపు, అమ్మేవాడి లెక్క, అప్పిచ్చేవాడి లెక్క అన్నీ ఒకే బల్ల చుట్టూ అరగంటపాటు కూర్చునే సందర్భం మధ్యతరగతి జీవితంలో అరుదుగా వస్తుంది. అందుకే ఈ ఎంపిక వాహన శాస్త్రానికి ఎంత చెందుతుందో నిర్ణయశక్తిని గురించిన చర్చకూ అంతే చెందుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో 16వ నంబరు జాతీయ రహదారి పక్కన, హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉన్న కోటబొమ్మాళి వంటి మండల కేంద్రంలో ఈ ప్రశ్న కొత్తగా తలెత్తింది. సైన్యంలోనో, నౌకల మీదనో, గల్ఫ్ దేశాల్లోనో, హైదరాబాదులోనో పనిచేస్తూ సంక్రాంతికి ఇల్లు చేరే పిల్లలున్న కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో మొదటి కారు చిన్న కారుగా వచ్చి, రెండవది కొనే వేళకు సెడాన్ మీద, అందులోనూ పికప్ ఉన్న సెడాన్ మీద మనసు పోవడం సహజమే. అంబాసిడర్ రోజుల్లో ఎంపిక అన్నమాటే లేదు. వంతు వచ్చినప్పుడు ఇచ్చిన బండిని తెచ్చుకోవడమే. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 తాళాలు చేతికందినప్పుడు దాని ధర 47,500 రూపాయలు. స్పోర్ట్స్ సెడాన్ అన్న మాటకు దేశంలో నిజమైన అర్థం 2004లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌తో వచ్చిందని చెప్పవచ్చు. అదే పేరుతో 2025 అక్టోబరులో వచ్చిన కారుకు 265 అశ్వశక్తుల ఇంజిన్ ఉంది, విడుదలనాటి ధర 49.99 లక్షలు, దేశానికి తెచ్చినవి 100 మాత్రమే. అది సామాన్య కుటుంబం చర్చించుకునే వస్తువు కాదు గనుక, ఆ స్వభావంలో కొంత భాగాన్ని అందుబాటు ధరలో ఇచ్చే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, హ్యుందాయ్ వెర్నా వంటి కార్లనే ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడం సముచితం.

కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస పశువుల సంతకు పేరుపొందింది. సంతలో ఎద్దును కొనే రైతు చూపును కాసేపు గమనిస్తే వేరియంట్ ఎంపికకు కావలసిన పాఠం చాలావరకు అక్కడే దొరుకుతుంది. అతడు ముందుగా పశువు కింది పెదవి దించి పళ్లు చూస్తాడు. పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, అన్నీ వచ్చి వయసు ముదిరినదా అని తేల్చుకుంటాడు. తరువాత గిట్టలు చూస్తాడు, మూపురం మీద కాడి పుండు మానిన మచ్చ ఉందేమోనని తడుముతాడు, నాలుగడుగులు నడిపించి కాలు ఎలా పడుతోందో గమనిస్తాడు. మెడలో గంటలపట్టెడ, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, నుదుట రంగుతాడు అతని కంట పడకుండా పోవు. అవి వేరుగా కొని తగిలించుకోగలిగినవని అతనికి తెలుసు గనుక బేరంలో వాటికి విలువ కట్టడు. తువ్వాలు కింద దళారి వేళ్లు పట్టుకుని ధర తేల్చే ఆ మనిషే, లేదా అతని కొడుకే, షోరూమ్ అద్దాల తలుపు దాటగానే గంటలను చూసి ఎద్దును కొనడానికి సిద్ధపడుతున్నాడంటే, లోపం అతని తెలివిలో లేదు. కారులో ఏవి పళ్లో, ఏవి గంటలో విడదీసి చెప్పినవారు లేకపోవడమే కారణం. తరువాత అమర్చుకోగలిగిన వాటిని ఒక పక్క, ఎంత డబ్బు పోసినా తరువాత మార్చుకోలేని వాటిని ఒక పక్క పెట్టి, రెండవ రకానికి మాత్రమే అదనపు ధర చెల్లించడమన్నది ఈ అధ్యాయమంతా ఆధారపడిన సూత్రం.

ఈ పళ్లలో ఇంజిన్ మొదటిది. వర్టస్ కారు 2022 జూన్‌లో విడుదలైనప్పటి నుంచి రెండు పెట్రోలు ఇంజిన్లతో వస్తోంది: ఒకటి 999 సీసీల మూడు సిలిండర్లది, 115 అశ్వశక్తులది, రెండవది 1,498 సీసీల నాలుగు సిలిండర్లది, 150 అశ్వశక్తులది. సీసీ అంటే సిలిండర్లలో పిస్టన్లు కదిలే చోటు కొలత. అశ్వశక్తితో పాటు టార్క్ అనే మరో కొలత కూడా కాగితాల్లో కనిపిస్తుంది. ఇరుసును తిప్పే బలాన్ని టార్క్ అంటారు, దానిని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ధాన్యం బస్తాలు వేసిన బండి బురదలో దిగబడినప్పుడు ఎడ్లు ఒక్కసారిగా మెడలు వంచి లాగే ఊపు టార్క్ వంటిదైతే, ఊరు చేరేవరకు ఎంత చురుకుగా లాక్కుపోగలవన్నది అశ్వశక్తి వంటిది. చిన్న ఇంజిన్ టార్క్ 178, పెద్దదాని టార్క్ 250. రెండింటికీ టర్బో ఉంది, అనగా ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ద్వారా మరింత గాలిని ఇంజిన్‌లోకి నెట్టే ఏర్పాటు ఉంది. అందువల్లనే చిన్న ఇంజిన్ కూడా దాని కొలతకు మించిన బలం చూపుతుంది. పెద్ద ఇంజిన్‌లో మరొక విశేషం, భారం లేనప్పుడు నాలుగు సిలిండర్లలో రెండింటికి విశ్రాంతినిచ్చి ఇంధనం ఆదా చేసే అమరిక.

ఈ అదనపు బలం ఎక్కడ అక్కరకు వస్తుందన్న విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం వ్యాపించి ఉంది. పెద్ద ఇంజిన్ జాతీయ రహదారికోసమని చాలామంది అనుకుంటారు. కోటబొమ్మాళి నుంచి విశాఖపట్నం సుమారు 150 కిలోమీటర్లు. మడపాం, చిలకపాలెం, నాతవలస మీదుగా పోయే ఆ దారిలో నరసన్నపేట నుంచి రణస్థలం వరకు ఆరు వరుసలు పడ్డాయి, మధ్యలో డివైడర్ ఉంది, ఎదురుగా వాహనం రాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరిమితుల ప్రకారం డివైడర్‌తో నాలుగు, అంతకన్నా ఎక్కువ వరుసలున్న రహదారి మీద కారుకు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగాన్ని 115 అశ్వశక్తుల ఇంజిన్ ఏ ఆయాసమూ లేకుండా రోజంతా నిలబెడుతుంది. పికప్ నిజంగా ప్రాణం కాపాడే చోటు రెండు వరుసల రోడ్డు. టెక్కలి పరిసరాల క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలను మోసుకుని నెమ్మదిగా సాగే లారీ వెనుక, పాతపట్నం, పర్లాకిమిడి వైపు పోయే దారిలో నలుగురు మనుషులతో, నిండిన డిక్కీతో ఉన్న కారు, ఎదురు రోడ్డు ఖాళీ దొరికిన కొద్ది క్షణాల్లో ఆ లారీని దాటవలసి ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. దాటడానికి రెండు సెకన్లు తక్కువ పట్టిందంటే ఎదురు వాహనానికీ తనకూ నడుమ 50 మీటర్లకు పైగా ఎక్కువ చోటు మిగిలినట్లే. కాబట్టి వారం వారం అటువంటి రోడ్ల మీద నిండు కారుతో తిరిగే వ్యాపారికి, కాంట్రాక్టరుకు, ఆసుపత్రి పనుల మీద ఊళ్లు తిరిగే వైద్యునికి పెద్ద ఇంజిన్ అవసరమే. సంక్రాంతికి, దసరాకు, పెళ్లిళ్లకు మాత్రమే కారు తీసే ఇంటికి అది అవసరం కాదు, ముచ్చట. ముచ్చట తీర్చుకోవడంలో తప్పేమీ లేదు. దానిని అవసరమనే పేరుతో ఖాతాలో రాసుకోవడమే తప్పు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పుకోవాలి. స్పోర్ట్స్ అన్న మాట, దానికి తగిన నల్లరంగు అద్దాల తొడుగులు, నల్లని గ్రిల్, జీటీ అన్న అక్షరాలు ఉన్నంత మాత్రాన లోపల పెద్ద ఇంజిన్ ఉన్నట్లు కాదు. వర్టస్‌లో 2024లో వచ్చిన జీటీ లైన్ అనే వేరియంట్‌కు స్పోర్ట్స్ అలంకారం ఉంది గాని ఇంజిన్ చిన్నదే. అలంకారం నచ్చి దానిని కొనేవారు తెలిసి కొంటే సంతోషమే. జీటీ అన్న అక్షరాలను చూసి 150 అశ్వశక్తులు వచ్చాయనుకుంటే మాత్రం అది కొమ్ము కుప్పెలకు పెట్టిన ధర. దీనికి ఎదురైన చిక్కు మరొకటి ఉంది: 2023 మార్చిలో కొత్త వెర్నా విడుదలైనప్పుడు 160 అశ్వశక్తుల టర్బో ఇంజిన్ పై రెండు మెట్లకే ఇచ్చారు. ఇంజిన్ ఒక్కటే కావలసినవాడు కూడా దానితో పాటు మూటగట్టిన మిగిలిన సరంజామాకు ధర చెల్లించక తప్పలేదు. ఏ కారు చూసినా, పెద్ద ఇంజిన్ లభించే అతి తక్కువ మెట్టు ఏదని అడగడం ఈ మూటను విప్పడానికి మొదటి ఉపాయం. అటువంటి మెట్టు ఉన్నచోట, పికప్ అవసరమున్న ఇంటికి అదే సరైన ఎంపిక.

గేర్‌బాక్సు గురించి క్లుప్తంగా చెబితే చాలు గాని చెప్పకపోతే నష్టం. వర్టస్ పెద్ద ఇంజిన్‌తో వచ్చే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి పనిలో ఉండగా రెండవది తరువాతి గేరును సిద్ధం చేసి ఉంచుతుంది కాబట్టి గేరు మారడం కంటి రెప్పపాటులో జరుగుతుంది. ఇందులో ఉన్నది నూనెలో మునగని పొడి క్లచ్. చిన్న ఇంజిన్‌తో వచ్చే ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ చక్రాలకూ నడుమ ద్రవంతో నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అది అంత చురుకుది కాదు, కాని అడుగడుగునా ఆగుతూ కదిలే రద్దీలో మెత్తగా ఓర్చుకుంటుంది. పోలాల అమావాస్య తరువాత వచ్చే కొత్తమ్మతల్లి జాతరలో కోటబొమ్మాళి వీధుల్లో జనం మధ్య గంటసేపు పాకే కారుకు ఈ రెండవది నప్పుతుంది. పై మెట్టు ప్రతి విషయంలోనూ మెరుగైనదే అయి ఉంటుందన్న నమ్మకం ఇక్కడ నిలవదు.

చక్రాల విషయంలో కాస్త ఆగి, కిందికి వంగి చూడడం మేలు. టైరు పక్కన 205/55 ఆర్16 అని అచ్చు వేసి ఉంటుంది. 205 అన్నది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అన్నది రిమ్ము అంచు నుంచి నేలవరకు ఉండే రబ్బరు గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెప్పే అంకె, అనగా సుమారు 113 మిల్లీమీటర్లు. 16 అన్నది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ముందు చెప్పిన ఆక్టేవియా ఆర్‌ఎస్ టైరు మీద 225/40 ఆర్19 అని ఉంటుంది. దాని గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే. ఆ తేడా దాదాపు ఒక బొటనవేలి వెడల్పు. రిమ్ము పెద్దదై, రబ్బరు గోడ పలచనైన కొద్దీ మలుపులో కారు చురుకుగా తిరుగుతుంది, చూపుకు కూడా ఠీవిగా ఉంటుంది. గుంతలో పడినప్పుడు దెబ్బ కాచే మెత్త మాత్రం తగ్గిపోతుంది. వాన తరువాత నౌపడ, సంతబొమ్మాళి వైపు రోడ్డు మీద నీళ్లు నిండి లోతు కనిపించని గుంత అంచుకు కొట్టుకుంటే టైరు ఉబ్బడమో, అల్లాయ్ రిమ్ము పగలడమో జరుగుతుంది. బేస్ వేరియంట్‌కు వచ్చే ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేసే మనిషి చిన్న ఊళ్లోనూ దొరుకుతాడు. పగిలిన అల్లాయ్‌కు కొత్తది తెప్పించుకోవలసిందే. సెడాన్ ఎంత నేలకు దగ్గరగా ఉంటుందన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. ఖాళీ కారుకూ నేలకూ నడుమ ఎడం వర్టస్‌లో 179 మిల్లీమీటర్లని కంపెనీ చెబుతుంది; ఐదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడ్డాక ఆ ఎడం ఎంత మిగులుతుందో ఊరి స్పీడ్‌బ్రేకరే చెబుతుంది.

ప్రాణరక్షణకు సంబంధించిన అమరికల్లో పరిస్థితి గత కొన్నేళ్లలో చాలా మెరుగుపడింది. బేస్ అంటే డొల్ల బండి అన్న పాత అభిప్రాయాన్ని అందుకే సవరించుకోవాలి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వెనుక పార్కింగ్ సెన్సర్, సీటుబెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరిక, వేగం మించితే మోగే హెచ్చరిక 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. వర్టస్ కారు 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ చేసిన ఢీకొట్టు పరీక్షలో పెద్దల రక్షణకూ, పిల్లల రక్షణకూ ఐదేసి నక్షత్రాలు పొందింది. వెర్నాకు కూడా అదే ఏడాది ఐదు నక్షత్రాలు వచ్చాయి. నక్షత్రాలు ఢీకొన్నప్పుడు లోపలివారికి ఎంత రక్షణ దొరుకుతుందన్నదాన్ని బట్టి వస్తాయి; ఆ రక్షణలో ఒక భాగమైన చట్రం బేస్‌కూ టాప్ ఎండ్‌కూ ఒక్కటే. అయినా ఆరు ఎయిర్‌బ్యాగులు, జారే రోడ్డు మీద కారు అదుపు తప్పకుండా ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసే స్థిరత్వ నియంత్రణ, పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎంచుకున్న మెట్టులో ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా అడిగి రాయించుకోవాలి. ఇవేవీ తరువాత బిగించుకునేవి కావు. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ మెట్టు వదిలి పైకి పోవడానికి అప్పు చేసినా తప్పులేదు. ఈ విషయంలో పొదుపు మాట ఎత్తకూడదు.

హెడ్‌లైట్లు ఈ వరుసలోనే చేరవలసినవి, కాని వాటిని అందరూ అలంకారంగానే చూస్తారు. చాలా సెడాన్లలో కింది మెట్టుకు పసుపు వెలుతురు హాలోజన్ దీపాలు, పై మెట్టుకు తెల్లని ఎల్‌ఈడీ దీపాలు ఇస్తారు. రాత్రి పూట విశాఖ నుంచి తిరిగివచ్చే అలవాటున్న ఇంట్లో, దీపం లేని సైకిలు, రోడ్డు దాటే పశువు, ఆగిపోయిన ట్రాక్టరు ఎంత దూరాన కంటపడతాయన్నది చిన్న విషయం కాదు. బయట బజారులో బల్బులు మార్చుకోవచ్చు గాని, ఒక రకం బల్బు కోసం చేసిన గిన్నెలో మరో రకం పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

సన్‌రూఫ్, లోపలి రంగుదీపాలు, పెద్ద టచ్ స్క్రీన్, ఎర్రరంగు పూసిన బ్రేకు భాగాలు, తోలు సీటు తొడుగులు, వెనుక రెక్క వంటివి గంటలపట్టెడ కోవలోనివి. వీటిలో సీటు తొడుగులు, స్క్రీను వంటివి బయట తక్కువ ఖర్చులో అమరుతాయి, రివర్స్ కెమెరా కూడా అంతే. వైర్లు కోసి అతికించే పని మాత్రం వారంటీకి చేటు తెస్తుంది గనుక కంపెనీ అమ్మే అనుబంధ సామగ్రితోనే చేయించాలి. సీటు లోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు మే నెలలో నిజంగా హాయినిస్తుందని ఒప్పుకోవాలి. సన్‌రూఫ్ తరువాత అమర్చుకోలేనిదే అయినా, ఆ ఎండలో తెర వేసి ఉంచడానికే పనికివస్తుంది.

డబ్బు లెక్కలో మొదట గమనించవలసినది షోరూమ్‌లో మనసు పనిచేసే తీరు. 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ థేలర్, మనిషి డబ్బును ఒకే సంచిగా కాక వేరువేరు పద్దులుగా భావిస్తాడని, దానిని మానసిక లెక్కగట్టుడు అనవచ్చునని వివరించాడు. ఈ స్వభావం వల్లనే వారపు సంతలో వంకాయల దగ్గర పది రూపాయలకు బేరమాడిన ఇల్లాలు, ఇంటాయన, పదిహేను లక్షల కాగితం ముందు మరో యాభై వేలను చిల్లరగా చూస్తారు. యాభై వేలు ఎక్కడున్నా యాభై వేలే, అది ఒక పంట పెట్టుబడి కావచ్చు, కూతురి చదువులో ఒక ఏడాది ఫీజు కావచ్చు. ఇది చాలదన్నట్లు మెట్లను కూడా ఒక్కొక్కటిగా ఎక్కించే తీరులో పేరుస్తారు: బేస్ చూపించి, దానిలో లేనివి చెప్పి, కొద్ది తేడాతో మరో మెట్టు, ఆ తరువాత ఇంకొద్ది తేడాతో మరొకటి. ఏ ఒక్క అడుగూ పెద్దదిగా కనిపించదు. పై మెట్టు నుంచి కిందికి చూసినప్పుడే ఎక్కిన ఎత్తు తెలుస్తుంది. అందువల్ల మెట్టుకూ మెట్టుకూ నడుమ తేడా కాక, తాను బయలుదేరిన మెట్టు నుంచి చేరిన మెట్టు వరకు ఉన్న మొత్తం తేడాను కాగితం మీద రాసుకోవడం అవసరం.

ఆ మొత్తం తేడా ఆన్‌రోడ్ ధరలో 4 లక్షలనుకుందాం. ఆన్‌రోడ్ ధర అంటే షోరూమ్ ధరకు జీవితకాల పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపిన మొత్తం. నాలుగు మీటర్లకన్నా పొడవైన పెట్రోలు కారుకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. వర్టస్ పొడవు 4.56 మీటర్లు కాబట్టి ఇంజిన్ చిన్నదైనా పెద్దదైనా అదే శాతం పడుతుంది. షోరూమ్ ధర 10 లక్షలు దాటితే ఒక శాతం పన్ను అమ్మకం దగ్గరే వసూలవుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో దానిని తిరిగి సర్దుకోవచ్చన్న సంగతి చాలామంది మరచిపోతారు. 4 లక్షలూ 9 శాతం వడ్డీకి ఐదేళ్ల వాయిదాల మీద తీసుకుంటే నెలకు సుమారు 8,300 రూపాయలు, అరవై నెలలకు 4 లక్షల 98 వేలు అవుతాయి. ఇతరులకు జరిగే నష్టానికి తప్పనిసరిగా కట్టవలసిన థర్డ్ పార్టీ బీమా కూడా సీసీని బట్టి మారుతుంది: 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన పట్టికలో, కొత్త కారుకు మూడేళ్లకు కలిపి 1,000 సీసీ వరకు 6,521, అక్కడినుంచి 1,500 సీసీ వరకు 10,640 రూపాయలు. ఐదేళ్లు నిండేసరికి బీమా సంస్థలు కారు విలువను కొత్తదాని ధరలో సగంగా లెక్కిస్తాయి. పాతకార్ల బజారు ధర సరిగ్గా అదే కానక్కరలేదు గాని, లెక్కకు అది చాలు. చెల్లించినది 4 లక్షల 98 వేలు, మిగిలినది 2 లక్షలు. పోయిన దాదాపు 3 లక్షలను అరవై నెలలకు పంచితే నెలకు సుమారు 5,000. ఆ కుటుంబం తాను ఎక్కువగా కోరుకున్న ఆ అదనపు విశేషాలకు నెలనెలా ఐదు వేలు అద్దె కడుతున్నదన్నమాట. గ్రానైట్ లారీలను వారానికి నాలుగుసార్లు దాటే కాంట్రాక్టరుకు ఆ అద్దె చౌక. ఏడాదికి ఆరుసార్లు కారు తీసే ఇంట్లో అది ఎద్దుల జతను కట్టేసి మేపడమే.

నలుగురి చూపును ఈ చర్చలో తేలికగా తీసిపారేయడం సరికాదు. ఊళ్లోకి కొత్త కారు వచ్చిన రోజు గుడి ముందు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టే వేళ, మొదటి ప్రశ్న మైలేజీ గురించి రాదు. "టాప్ ఎండేనా బావా?" అన్నదే మొదటిది. పొట్టకూటికోసం దేశాలు పట్టి తిరిగి వచ్చినవానికి ఆ ప్రశ్నకు అవునని చెప్పగలగడంలో ఒక గౌరవం ఉంది. దశాబ్దాల కష్టానికి ఊరి ముందు అదొక సాక్ష్యం. దానిని డాంబికమని కొట్టివేసే రచనలు ఈ నేల మీది జీవితాన్ని ఎరుగనివి. అయితే ఆ ప్రశ్న వయసు ఎంత అన్నది ఆలోచించదగినది. మనస్తత్వ శాస్త్రంలో అలవాటుపడడం అన్న మాటకు ప్రత్యేకమైన అర్థముంది: కొత్త సుఖం కొద్దికాలంలోనే మామూలై, మనసు మునుపటి మట్టానికే తిరిగి వస్తుంది. జాతర ముగిసి బంతిపూల దండలు వాడేసరికి బావ ఆ ప్రశ్న మరచిపోతాడు. వాయిదా మాత్రం ప్రతి నెల అయిదో తేదీన గుర్తుచేస్తుంది. ఏళ్ల తరబడి కారును చూసేవాడు దాని యజమాని, చూడడం కూడా బయటినుంచి కాదు, స్టీరింగు వెనుకనుంచి. అక్కడినుంచి గ్రిల్ మీది అక్షరాలు కనబడవు. కనబడేది రోడ్డు, వినబడేది ఇంజిన్, చేతికి తెలిసేది స్టీరింగు బరువు.

కాబట్టి నిర్ణయానికి ముందు నడిపి చూడడం అన్నిటికన్నా ముఖ్యం, అదే అందరూ తొందరగా ముగించే పని. షోరూమ్‌లో నడపడానికి ఇచ్చే కారు చాలావరకు టాప్ ఎండే అయి ఉంటుంది. దానిని ఒంటరిగా, ఖాళీగా, నున్నని రోడ్డు మీద పది నిమిషాలు తిప్పితే తెలిసేది ఏమీ లేదు. రెండు ఇంజిన్లనూ ఒకే రోజు, ఒకే దారిలో, ఇంట్లో మనుషులను ఎక్కించుకుని నడపాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వెనుక సీటులోకి దిగి మళ్లీ లేవడానికి ఎంత శ్రమపడుతున్నదో చూడాలి, ఎందుకంటే సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, ఆ ఇబ్బందిని ఏ వేరియంటూ తీర్చదు. స్పీడ్‌బ్రేకరు మీద నిండు కారు అడుగు రాసుకుంటున్నదేమో కిటికీ దించి వినాలి. నలభైలో పోతున్న కారును ఒక్కసారిగా ఎనభైకి తెచ్చి, చిన్న ఇంజిన్ తడబడిన చోటు తాను నడిపే దారుల్లో నెలకు ఎన్నిసార్లు వస్తుందో లెక్క వేసుకోవాలి. వీలైతే చీకటి పడ్డాక మరోసారి వెళ్లి దీపాలు చూడాలి. ఆ కారుకు అధీకృత సర్వీసు ఎంత దూరంలో ఉంది, టైరు, బ్రేకు ప్యాడ్లు, ముందు బంపరు ఒక్కొక్క దాని ధర రెండు వేరియంట్లకూ ఎంతెంత అన్నది సర్వీసు కౌంటరులో అడగాలి. అమ్మకం బల్ల దగ్గర అడిగితే సరైన సమాధానం దొరకదు.

బుకింగ్ డబ్బు ఆ రోజే కట్టవలసిన అవసరం ఎవరికీ ఉండదు. రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలనూ వరుసవారీగా రాయించి, కాగితాలు ఇంటికి తెచ్చుకుని, రాత్రి భోజనాల తరువాత అరుగు మీద కూర్చుని అందరూ కలిసి చదవాలి. పైదానిలో ఉండి కిందిదానిలో లేనివన్నీ ఒక వరుసలో రాసి, ఊళ్లోనో టెక్కలిలోనో అమర్చుకోగలిగిన ప్రతిదాని ఎదుటా సున్నా చుట్టాలి. సున్నా పడని వరుసలు నాలుగో అయిదో మిగులుతాయి. వాటి ఎదుట నెలకు ఐదు వేలన్న అంకె వేసి, ఇంట్లో వాయిదా కట్టే మనిషి చేతికి ఆ కాగితం ఇవ్వాలి.